అందరూ బరువే అడిగారు

మా పాప పుట్టినప్పుడు 1,080 గ్రాములు. ఈ అంకె నేను ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. ఫోన్‌లో చెప్పాను, ఆసుపత్రి వరండాలో చెప్పాను, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. "ఎంత బరువుందమ్మా?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. కిలోన్నర దాటాక "హమ్మయ్య" అన్నారు. రెండు కిలోలయ్యాక "ఇంక గండం గట్టెక్కినట్టే" అన్నారు. ఊపిరి ఎలా ఉందని అడిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

ఇప్పుడు పాపకి ఆరేళ్ళు నిండాయి. బరువు ఎప్పుడో సర్దుకుంది. ఊపిరితిత్తుల కోసం మాత్రం ఇంకా ఆసుపత్రికి తిరుగుతూనే ఉన్నాం. కడుపులో బిడ్డ ఎదుగుదల తగ్గితే ఊపిరితిత్తులకు ఏమవుతుందో నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది కోనసీమలో, పి.గన్నవరం వైపు ఒక లంక. నేను హైస్కూల్లో బయాలజీ చెబుతాను. 2019లో మొదటిసారి కడుపుతో ఉన్నాను. ఆరో నెల దాటినా పొట్ట పెద్దగా కనిపించేది కాదు. మా అత్తయ్యగారు నన్ను చూసి, "కొంతమందికి అంతే. బిడ్డ చిన్నదైతే కాన్పు సులువు, బయటపడ్డాక పెంచుకోవచ్చు" అనేవారు. ఆవిడ నలుగురిని ఇంట్లోనే కన్నారు. నా భయం పోగొట్టాలనే అన్నారు, నాకూ ఆ మాట ధైర్యంగానే ఉండేది. మొదట చూపించుకున్న ఆసుపత్రిలో ప్రతిసారీ బీపీ చూసేవారు, ఐరన్ మాత్రలు రాసేవారు. పొట్ట మీద టేపు పెట్టి మాత్రం ఒక్కసారీ కొలవలేదు.

ఆ పని చేసింది మా ఊరి సబ్ సెంటర్‌కి కొత్తగా వచ్చిన ఏఎన్ఎమ్. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, బట్టలు కుట్టేవాళ్ళ దగ్గరుండే లాంటి టేపు తీసి, కింది ఎముక దగ్గర నుంచి గర్భసంచి పైఅంచు దాకా పెట్టింది. టేపు 24 దగ్గర ఆగింది. మళ్ళీ కొలిచింది. అప్పటికి నాకు 28 వారాలు. "ఇరవై నాలుగో వారం దాటాక ఎన్ని వారాలో ఇంచుమించు అన్ని సెంటీమీటర్లు ఉండాలండి. నాలుగు తక్కువుంది. రేపే స్కానింగ్‌కి వెళ్ళండి, వాయిదా వేయకండి" అంది. ఆ టేపు ఖరీదు పది రూపాయలుంటుందేమో. నా బిడ్డ విషయంలో మొదటి నిజం చెప్పింది అదే.

అమలాపురంలో స్కాన్ తీస్తే, కిలో దాటాల్సిన బిడ్డ 790 గ్రాములే ఉంది. తల వారాలకు తగ్గట్టే ఉంది, పొట్ట కొలత బాగా తక్కువ. ఉమ్మనీరు కూడా తగ్గింది. నా బీపీ ఆరోజు 150/100. మాయలో రక్తనాళాలు సరిగ్గా ఏర్పడకపోతే తల్లికి బీపీ పెరుగుతుందట, బిడ్డకు ఆహారం, ఆక్సిజన్ తగ్గుతాయట. నేను తినేది సరిపోక కాదన్న మాట నాకు అక్కడే మొదటిసారి వినిపించింది. అప్పటిదాకా రోజుకో గ్లాసు పాలు ఎక్కువ తాగుతూ, సరిగ్గా తినని నాదే తప్పనుకుంటూ ఉన్నాను.

డాక్టరుగారిది ఈ ప్రాంతమే. నా ముఖం చూసి, కాగితం పక్కన పెట్టి, మన భాషలోనే చెప్పారు. "దాళ్వాలో నీళ్ళు తక్కువైతే ఏం చేస్తారమ్మా? వంతులు పెడతారు. ముందు కాలవ తలవైపు చేలు తడుస్తాయి. శివారు భూములకి చేరేసరికి ఏమీ మిగలదు. నీ బిడ్డ కూడా ఇప్పుడు వంతులు పెట్టుకుంది. వచ్చే కొద్ది రక్తాన్ని ముందు మెదడుకీ గుండెకీ పంపుకుంటోంది. మూత్రపిండాలు, పేగులు, ఊపిరితిత్తులు శివారులో పడ్డాయి. మూత్రం తగ్గింది కాబట్టే ఉమ్మనీరు తగ్గింది."

మా నాన్న శివారు రైతు. ఏప్రిల్‌లో బీటలు వారిన చేలో నిలబడి లాకుల వైపు చూసే మనిషి. నాకు ఇంకే వివరణా అక్కర్లేకపోయింది.

ఆయన ఇంకో మాట గట్టిగా చెప్పారు. "ఈ బిడ్డ నెలలు నిండేదాకా ఉండకపోవచ్చు. వరదల కాలంలో లంకలో ఉండొద్దు. పుట్టాక అంబులెన్స్‌లో పరిగెత్తేకన్నా, కడుపులో ఉండగానే పసిపిల్లల ఐసీయూ ఉన్న ఊరు చేరుకో. కడుపుని మించిన అంబులెన్స్ లేదు."

ఆగస్టు మొదటివారంలో గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దాటితే రెండోది. మా లంకలో ఈ అంకెలు చిన్నపిల్లలకి కూడా వచ్చు. కాజ్‌వే మీదికి నీళ్ళొస్తున్నాయని తెల్లవారుజామున కబురొచ్చింది. మేం బయల్దేరేసరికి అది మునిగిపోయింది. స్కాన్ ఫైలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మా ఆయన దాన్ని చొక్కా లోపల పెట్టుకున్నారు. పడవలో నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఆ ఎర్రనీళ్ళ మీద పది నిమిషాలు నా రెండు చేతులూ పొట్ట మీదే ఉన్నాయి. అవతల ఒడ్డున ఆటో ఎక్కి అమలాపురం, అక్కడి నుంచి ఎదుర్లంక వంతెన మీదుగా యానాం, కాకినాడ. మా పిన్ని ఇంట్లో దిగాం. ఆ నిర్ణయం రెండు రోజులు ఆలస్యమైతే ఏమయ్యేదో నేను ఆలోచించను.

కాకినాడలో వారానికి రెండుసార్లు స్కాన్. అందులో ఒకటి నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. బొడ్డుతాడులో రక్తం చూశాక, స్కాన్ చేసే మేడమ్ ప్రోబ్‌ని ఛాతీ మీద ఆపి, "ఇప్పుడు ఊపిరి కోసం చూద్దాం" అన్నారు. కడుపులో గాలే లేదు కదా, ఊపిరేమిటి? బయాలజీ చెప్పే నాకే ఆ సందేహం వచ్చింది. బిడ్డ లోపల ఊపిరి సాధన చేస్తుందట. ఛాతీ, దాని కింది పొర కదులుతాయి. ఊపిరితిత్తులు వాటిలోనే ఊరే నీటితో నిండి ఉంటాయి. ఆ నీళ్ళూ, ఈ కదలికా కలిసి వాటిని సాగదీస్తాయి, ఆ సాగడం వల్లే అవి పెరుగుతాయి. ఆక్సిజన్ తక్కువైన బిడ్డ ఈ సాధన తగ్గించేస్తుంది, ఉన్నది పొదుపు చేసుకోవడానికి. 30 నిమిషాల్లో కనీసం 30 సెకన్లపాటు వరసగా ఊపిరి కదలిక కనిపించాలి.

గోడ గడియారం వైపు చూస్తూ పడుకున్నాను. పది నిమిషాలు. ఏమీ లేదు. మేడమ్ నన్ను పక్కకి తిరగమన్నారు. పదిహేను. ఇరవై. తెర మీద గుండె టపటపా కొట్టుకుంటోంది, దాని కింద ఛాతీ కదలడం లేదు. ఇరవై మూడో నిమిషంలో ఆ బూడిదరంగు మసకలో ఒక గీత పైకి లేచి దిగింది. మళ్ళీ లేచింది. మేడమ్ పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నారు. ముప్ఫై దాటాక నా భుజం మీద చెయ్యి వేశారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఈలోగా ఇంటికి వచ్చినవాళ్ళ మాటలు. ఏడో నెల బిడ్డ బతుకుతుందిగానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదని ఒకావిడ. ఇది మన దగ్గర చాలామంది నమ్ముతారు, పూర్తిగా తప్పు. కడుపులో గడిచే ప్రతి వారం ఊపిరితిత్తులకి లాభమే, మాయ పనిచేస్తున్నంతకాలం. ఇంకొకరు, ఆసుపత్రిలో పనిచేసే మా బంధువు, "కడుపులో కష్టపడ్డ పిల్లలకి ఊపిరితిత్తులు తొందరగా పండుతాయి, భయపడకు" అంది. ఈ మాట నేను డాక్టరుగారిని అడిగాను. ఒకప్పుడు వైద్యులు కూడా అలాగే అనుకునేవారట. తర్వాత, ఒకే వారాల్లో పుట్టిన పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఎదుగుదల తగ్గినవాళ్ళకే ఎక్కువకాలం ఆక్సిజన్ అవసరమవుతోందని తేలిందట. ఆస్ట్రేలియాలో గొర్రెపిల్లల మీద చేసిన పరిశోధనల్లో, ఇలా ఎదగనివాటికి గాలి గదులు తక్కువగా, గోడలు మందంగా ఉన్నాయి. కష్టంలో బిడ్డ రాటుదేలుతుందన్న నమ్మకం మనసుకు బాగుంటుంది. ఊపిరితిత్తుల విషయంలో అది నిజం కాదు.

31వ వారంలో బొడ్డుతాడు గ్రాఫ్ మారింది. బిడ్డ గుండె కొట్టుకునే ప్రతిసారీ ఒక కొండ గీస్తుంది. రెండు కొండల మధ్య లోయలో కూడా రక్తం కొంత ముందుకు సాగుతుండాలి. నా కాగితం మీద ఆ లోయలు నేలని తాకుతున్నాయి. వెంటనే చేర్చుకున్నారు. బీటామెథాసోన్ ఇంజెక్షన్ ఒకటి అప్పుడే, ఇరవై నాలుగు గంటలకి రెండోది. బిడ్డ ఊపిరితిత్తులని త్వరగా సిద్ధం చేసే మందు ఇది. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద వేరే విషయం పరిశోధిస్తూ, నెలలు నిండకుండా పుట్టిన గొర్రెపిల్ల ఒకటి ఊపిరి తీసుకోవడం చూసి, ఈ రకం మందుల గుణం పట్టుకున్నారు. ఆయనా హోవీ అనే డాక్టరూ కలిసి 1972లో తల్లుల మీద చేసిన ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. ఆ ఇంజెక్షన్ పడ్డాక నాలుగు రోజులు దొరికాయి మాకు. ఐదో రోజు రాత్రి రక్తం లోయల్లో వెనక్కి తన్నడం మొదలైంది. ఆపరేషన్ చేశారు. 31 వారాల 4 రోజులు.

ఏడుపు వినిపించింది, మధ్యలోనే తెగిపోయింది. నాకు చూపించకుండానే తీసుకెళ్ళారు.

నేను పాపని చూసింది రెండో రోజు. చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. చేతులు మోచేతుల దాకా కడిగించి, గౌను వేసి లోపలికి పంపారు. నా అరచేతి నుంచి మోచెయ్యంత లేదు మనిషి. ముక్కులో రెండు చిన్న గొట్టాలు, నెత్తిన ఊలు టోపీ. ఆ గొట్టాలకి కలిసిన సీసాలో నీళ్ళు బుడబుడమంటున్నాయి. ఆ నీళ్ళ లోతే ఊపిరి వదిలినప్పుడు గాలి గదులు మూసుకుపోకుండా కొద్దిపాటి ఒత్తిడి నిలుపుతుందట. సిస్టర్ నాతో, "ఈ బుడగల చప్పుడు ఆగితే చెప్పండి, ట్యూబ్ జారినట్టు" అంది. ఆ తర్వాత నెలరోజులు నేను నిద్రలో కూడా ఆ చప్పుడే విన్నాను.

పాప డొక్కలు ఎగరేస్తోంది. పక్కటెముకల మధ్య చర్మం ప్రతి ఊపిరికీ లోపలికి గుంటపడుతోంది. ఊపిరితిత్తుల లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కోకుండా ఉంచే సబ్బునీళ్ళ లాంటి పదార్థం, సర్ఫాక్టెంట్, సరిపడా లేదు. ఇలాంటి పిల్లల ఊపిరితిత్తుల్లో లోపించేది ఇదేనని 1959లో ఎవరీ, మీడ్ అనే ఇద్దరు చూపించారు. అంతకుముందు కారణం తెలియకుండానే పిల్లలు పోయేవారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు కూడా ఐదున్నర వారాలు ముందు పుట్టి ఈ జబ్బుతోనే రెండు రోజులకే పోయాడు. మా పాపకి మొదటి రోజే సన్నటి గొట్టంతో ఆ సర్ఫాక్టెంట్‌నే మందుగా ఊపిరితిత్తుల్లోకి పంపారు. పాలలా తెల్లగా ఉంటుంది, జంతువుల ఊపిరితిత్తుల నుంచి తీస్తారు. ఒక దేశపు అధ్యక్షుడి బిడ్డకి దొరకనిది మా లంక బిడ్డకి దొరికింది. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నా ఒళ్ళు జలదరిస్తుంది.

మిగతా రోజుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఊపిరి మరిచిపోకుండా కెఫీన్ మందు. అయినా మరిచిపోయేది. మిషన్ మోగితే సిస్టర్ అరికాలు మీద వేలితో తట్టేది, మళ్ళీ తీసుకునేది. పాలు మొదట రెండు గంటలకి ఒక మిల్లీలీటరు, గొట్టంతో. తర్వాత ఉగ్గుగిన్నెతో. మా అమ్మమ్మ వెండి ఉగ్గుగిన్నె పంపితే, మరిగించి వాడుకోనిచ్చారు. కాస్త నిలకడ వచ్చాక గొట్టాలతో సహా పాపని నా గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా కట్టేవారు. అలా ఉన్నంతసేపూ ఆక్సిజన్ అంకె పడిపోయేది కాదు. అది నా కళ్ళతో చూశాను.

28వ రోజున కూడా ఆక్సిజన్ తీయలేకపోయారు. అప్పుడు డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి, దీన్ని బీపీడీ అంటారని, ఊపిరితిత్తుల దీర్ఘకాలిక ఇబ్బంది అని చెప్పారు. ఆక్సిజన్ ఎక్కువిస్తే కళ్ళకీ ఊపిరితిత్తులకీ చెరుపు, తక్కువైతే ప్రాణానికి. అందుకే అంకె 90కీ 95కీ మధ్య పట్టి ఉంచేవారు. 34వ రోజున గొట్టం తీశారు. 48వ రోజున 1,840 గ్రాములతో ఇంటికి పంపారు.

ముందు నా పుట్టిల్లు రామచంద్రపురం వెళ్ళాం. మన ఇళ్ళలో పసిబిడ్డకి నలుగు పెట్టి, నీళ్ళు పోసి, కొబ్బరిచిప్ప నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ చూపించడం ఎంత ముచ్చటో అందరికీ తెలుసు. మా అమ్మమ్మ ఆ పొగ పట్టే మూడు తరాలని పెంచింది. నిప్పులు సిద్ధం చేసి కూర్చుంది. నేను వద్దన్నాను. ముక్కులో నూనె చుక్క కూడా వద్దన్నాను, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా వస్తుంది. ఆవిడ బాధపడింది. "నీకు పట్టాను, మీ అమ్మకి పట్టాను, ఏమైంది?" అంది. నిజమే. అప్పుడు నేను నా పాఠం చెప్పినట్టు చెప్పాను. "అమ్మమ్మా, నెలలు నిండి పుట్టిన బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి గదులు ఐదు కోట్ల దాకా ఉంటాయి. పెద్దయ్యేసరికి ముప్ఫై కోట్లు దాటతాయి. ఇది పుట్టేనాటికి అవి ఇంకా సరిగ్గా మొదలే కాలేదు. ముప్ఫై ఆరో వారం దగ్గర మొదలయ్యే పని అది, ఇది ముప్ఫై ఒకటికే వచ్చేసింది. మిగతా గదులు ఇప్పుడు మనింట్లో కట్టుకోవాలి. పొగలో ఎలా కట్టుకుంటుంది?" అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నిప్పుల మీద నీళ్ళు చల్లి, సాంబ్రాణి డబ్బా దేవుడి గదిలోనే పెట్టేసింది.

పన్నెండేళ్ళుగా పిల్లలకి వాయుగోణుల, అంటే ఆ గాలి గదుల, బొమ్మ వేయించి, మార్కులు వేసిన మనిషిని నేను. అవి పుట్టాక రెండు మూడేళ్ళ దాకా జోరుగా, ఆ తర్వాత మెల్లగా పెరుగుతూనే ఉంటాయని నాకు తెలియదు. తెలిశాక భయం వేసింది, ఆశ కూడా కలిగింది. పోయినదంతా పోలేదు. ఇంకా సమయం ఉంది.

ఆ సంక్రాంతికి భోగిమంట దగ్గరికి పాపని తీసుకెళ్ళలేదు. లంకకి తిరిగి వచ్చాక మా అత్తయ్యగారు కట్టెలపొయ్యిని పెరట్లో ఆ చివరికి మార్చారు, నేను అడగకుండానే. మా పక్కన కొబ్బరి పీచు ఎండబోసేవారు, గాలి ఇటు తిరిగితే పొట్టు ఇంట్లోకి వచ్చేది. వాళ్ళని అడగడానికి మొహమాటపడ్డాను, చివరికి మావయ్యగారే వెళ్ళి మాట్లాడారు. టీకాల్లో నిమోనియాది, ఏటా ఫ్లూది తప్పలేదు. అయినా ఏడాదిన్నరప్పుడు ఒక జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. రెండేళ్ళకి బరువు తోటి పిల్లలతో సమానమైంది. అందరూ సంబరపడ్డారు. ఆ చలికాలమే పిల్లికూతలు మొదలయ్యాయి.

ఆరో ఏడు నిండాక ఊపిరి పరీక్ష చేయించాం. చిన్న గొట్టంలోకి గట్టిగా ఊదాలి. పిల్లలకి అర్థమయ్యేలా కంప్యూటర్ తెర మీద కొవ్వొత్తులు వెలుగుతుంటాయి, ఊదితే ఆరిపోవాలి. మా పాప మొదటిసారి బుగ్గలు ఉబ్బించి ఊదింది, సగం ఆరాయి. రెండోసారి దగ్గు వచ్చింది. మూడోసారి కుర్చీ అంచు పట్టుకుని, మెడ నరాలు తేలేలా ఊదింది. చివరి కొవ్వొత్తి ఆరలేదు. మొదటి సెకనులో బయటికి ఊదిన గాలి, ఆ వయసుకి, ఎత్తుకి ఉండాల్సినదాంట్లో 82 శాతం. డాక్టరుగారు ఇది జబ్బు కాదని, మామూలు హద్దుకి కింది అంచున ఉందని చెప్పారు. పరుగెత్తనివ్వండి, ఈత నేర్పించండి, ఊపిరితిత్తులు ఇరవై ఏళ్ళు దాటేదాకా పెరుగుతాయి అన్నారు. ఆ పైన అందరికీ మెల్లగా తగ్గుతాయి. తక్కువ నుంచి మొదలైనవాళ్ళకి తగ్గడానికి మిగిలింది తక్కువ.

ఆ చివరి మాట పట్టుకుని నేను వెతికి చదివాను. 1991లో డేవిడ్ బార్కర్ అనే ఇంగ్లండ్ డాక్టరు, హెర్ట్‌ఫర్డ్‌షైర్ ప్రాంతంలో పుట్టి ఇంచుమించు అరవైకీ డెబ్బైకీ మధ్య వయసున్న మగవాళ్ళ ఊపిరి కొలిచి, వాళ్ళు పుట్టినప్పుడు నర్సులు రాసిన బరువుల పుస్తకాలతో సరిపోల్చారు. తక్కువ బరువుతో పుట్టినవాళ్ళ ఊపిరి అరవై ఏళ్ళ తర్వాత కూడా తక్కువగానే ఉంది. అది చదివాక నాకు, బరువు అడిగినవాళ్ళ మీద ఉన్న కోపం కొంత తగ్గింది. వాళ్ళు అడగాల్సినదే అడిగారు. అంకె విన్నాక అక్కడే ఆగిపోయారు, అంతే.

ఇప్పుడు మా తోడికోడలికి ఏడో నెల. పొట్ట చిన్నగా ఉందని పక్కింటావిడ మొన్న మళ్ళీ అదే మాట అంది, కాన్పు సులువని. నేను లోపలికి వెళ్ళి టేపు తెచ్చాను. కొలవడం ఆ ఏఎన్ఎమ్ దగ్గరే నేర్చుకున్నాను. 28 వారాలకి 27 ఉంది. అయినా స్కాన్ సోమవారం పెట్టించాం, నీళ్ళు కాజ్‌వే మీదికి రాకముందే.